బొమ్మరిల్లు

బాల్యంలో పిచ్చుకగూళ్లు కట్టి ఆనందించనివారు అరుదు. ఆ వేడుకనే పెద్దయ్యాక అభిరుచిగా మలచుకొని, నేటి గృహాలకు ప్రతిరూపాలైన బొమ్మరిళ్లను నిర్మించేవారు అనేక దేశాలలో ఉన్నారు.

ఈ కళకు కొలతే ప్రాణం. ఇందులో బహుళ ప్రచారం పొందిన ప్రమాణం 1:12. అనగా అసలు ఇంటిలోని అడుగు బొమ్మరింటిలో అంగుళమవుతుంది. ఏడడుగుల తలుపు ఏడంగుళాలకు ఒదిగిపోతుంది. ఒక్క కుర్చీ ఈ కొలత మీరినా ఇల్లంతా కృతకంగా తోస్తుంది. గోడలకు అంటించే కాగితంపై పువ్వులు సైతం ఈ నియమానికి లోబడవలసిందే. మందపాటి వస్త్రం చిన్న కిటికీకి తెరగా అందంగా వేలాడదు. పలుచని నూలు వస్త్రమే తగినది. దీపాల తీగలను కాగితం అంటించక ముందే అమర్చుకోవాలి. లేనిచో పూర్తయిన పనిని చెరపవలసి వస్తుంది.

న్యూఢిల్లీలోని రాష్ట్రపతి భవనానికి రూపకల్పన చేసిన ఎడ్విన్ లుటియెన్స్, ఆ మహాసౌధ నిర్మాణం సాగుతున్న కాలంలోనే బ్రిటిష్ రాణి మేరీ కోసం ఇదే ప్రమాణంలో ఒక బొమ్మరింటికి రూపమిచ్చాడు. 1924లో పూర్తయిన ఆ ఇంటిలో విద్యుద్దీపాలు, నీరు పారే కుళాయిలు, కదిలే లిఫ్టులు అమర్చారు. నేటికీ దానిని ఇంగ్లండులోని విండ్సర్ కోటలో చూడవచ్చు.

మహాసౌధమైనా, బొమ్మరిల్లయినా నిర్మాత చూపవలసిన శ్రద్ధ ఒక్కటే. పరిమాణం తగ్గినంత మాత్రాన పని తేలిక కాదని ఈ కళ బోధిస్తుంది.