ముల్లు చెప్పని సంగతి

డ్రాగ్ రేసు పావుమైలు పరుగు, అంటే 402 మీటర్లు. నైట్రస్ ఆక్సైడ్ అమర్చిన కారు ఆ దూరాన్ని సెకన్లలో దాటేస్తుంది. ఆ కాసేపట్లో ఇంజన్ లోపల ఏం దెబ్బతిన్నదో ఎవరికీ కనబడదు. పరుగు ముగిశాక మిగిలిన ఆనవాళ్లను బట్టే వెనక్కు లెక్క కట్టాలి. ఈ లెక్కకు మెకానిక్ చేతి అనుభవం ఎంత అవసరమో, బడిలో చదువుకున్న రసాయన శాస్త్రమూ అంతే అవసరమని నా నమ్మకం.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ తయారుచేసిన ఈ వాయువు, ఇంజన్ వేడికి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక నత్రజనిగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. దాని బరువులో 36 శాతం ఆక్సిజన్; గాలిలో ఉండేది 23 శాతమే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, నైట్రస్ అయితే 9.6 కిలోలు చాలు. కాబట్టి నైట్రస్ ఎంత పంపితే, దానికి తగిన పెట్రోలును కూడా అంత కచ్చితంగా పంపాలి. శక్తి వచ్చేది పెట్రోలు నుంచే.

అందుకే లోపం వెతికేటప్పుడు అనుమానం ముందు పెట్రోలు మీదికి పోవాలి. నైట్రస్ తగ్గితే కారు మందగిస్తుంది, అంతే. పెట్రోలు తగ్గితే మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండుతుంది, పిస్టన్ కరుగుతుంది. ఇక్కడ చాలామందిని మోసం చేసేది పీడనం చూపే గేజ్. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు, పాచి పట్టిన గొట్టంలోనూ నీళ్ల ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పాకే ధార సన్నమని తెలుస్తుంది. కార్బురేటర్ కారులో పెట్రోలు ఒత్తిడి చదరపు అంగుళానికి 6 పౌండ్లని ముల్లు చూపినా, అది పెట్రోలు కదలకుండా ఉన్నప్పటి మాట కావచ్చు. పరుగులో వాడే జెట్ (ప్రవాహాన్ని కొలతగా వదిలే సన్నని రంధ్రం) గుండానే పెట్రోలును ఒక డబ్బాలోకి పారించి, అది పారుతుండగా ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయక ఎన్నో ఇంజన్లు పాడవుతున్నాయి.

నైట్రస్ బాటిల్ గేజ్ చెప్పేది ఇంకో రకం సగం నిజం. లోపల ద్రవం ఉన్నంతవరకు పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, మిగిలిన సరుకును బట్టి కాదు. మన ఇళ్లలో గ్యాస్ బండను ఎత్తి చూసి అంచనా వేస్తారే, అందులో ఉన్నది సరైన శాస్త్రం. ఇక్కడా బాటిల్‌ను తూచే తెలుసుకోవాలి. 20 డిగ్రీల దగ్గర పీడనం చదరపు అంగుళానికి సుమారు 740 పౌండ్లు. రేసర్లు కోరేది 900 నుంచి 950, దానికి 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. చల్లారిన బాటిల్ నుంచి నైట్రస్ తక్కువగా వచ్చి, మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై కారు బరువుగా లాగుతుంది. మరీ వేడెక్కితే నైట్రస్ ఎక్కువై పెట్రోలు చాలదు. 36.4 డిగ్రీలు దాటితే ద్రవం, ఆవిరి అన్న తేడాయే ఉండదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో వేసవి మధ్యాహ్నం నీడలో కూడా ఆ హద్దు దాటిపోతుంది. బాటిల్ వెచ్చబెట్టడానికి పీడనం చూసి ఆగిపోయే హీటరే వాడాలి. మంట చూపించడం ప్రాణాంతకం.

మంచు కూడా ఒక సాక్షి. గొట్టంలో అడ్డు ఎక్కడుంటే అక్కడ పీడనం పడిపోయి, ద్రవం ఆవిరై చల్లబడుతుంది. వాడిన వెంటనే ఫిల్టర్ దగ్గరే మంచు పట్టడం మొదలైతే, అది మూసుకుపోయిందని అర్థం.

కారు అసలు ఊపందుకోకపోతే కరెంటు సంగతి చూడాలి. మీటలు వేసి, థ్రోటిల్ పూర్తిగా తెరిచినప్పుడు సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) టక్కుమనాలి, దాని తీగల దగ్గర వోల్టేజ్ నిలవాలి. ఈ పరీక్షకు ముందు బాటిల్ వాల్వ్ కట్టేయాలి, పెట్రోలు పంపునూ ఆపేయాలి. ఇంజన్ ఆగి ఉండగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో నైట్రస్, పెట్రోలు చేరితే, స్టార్ట్ చేసిన క్షణంలో అక్కడే పేలుతుంది.

చివరి సాక్ష్యం స్పార్క్ ప్లగ్. పరుగు అంచున ఇంజన్ ఆపేసి, చల్లారాక ప్లగ్ విప్పి, తెల్లని పింగాణీని భూతద్దంతో చూడాలి. మిరియపు పొడి చల్లినట్టు మెరిసే చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. అది కనిపించిన రోజు ఆ కారు మళ్లీ గీత దగ్గరికి వెళ్లకూడదు. ముందు నైట్రస్ జెట్‌ను చిన్నది చేయాలి, లేదా పెట్రోలు జెట్‌ను పెద్దది చేయాలి. ఇగ్నిషన్ టైమింగ్‌ను కొంత వెనక్కు తీయాలి. ఆ తర్వాత డబ్బా పెట్టి, పారుతున్న పెట్రోలు ఒత్తిడిని మళ్లీ మొదటి నుంచి కొలవాలి.