ఫిల్టరు తిరగేస్తే పంపుకు చేటు

ఆయిల్ ఇంజను మొరాయించిందంటే ముందుగా నాజిల్ మీదో, పంపు మీదో అనుమానం వస్తుంది. ఫిల్టరు సంగతి ఎవరికీ గుర్తురాదు. మొన్ననే కొత్తది వేశాం కదా అనుకుంటాం. వేయడం సరే, ఎటు నుంచి ఎటు బిగించారో చూశారా?

డీజిలు ఫిల్టరుకు ఒక దారంటూ ఉంది. ట్యాంకు నుంచి వచ్చిన డీజిలు ముందు ఎలిమెంట్ చుట్టూ ఉన్న ఖాళీలో చేరి, కాగితం మడతల గుండా వడపోతై, నడిమి గొట్టంలోకి వస్తుంది. అక్కడి నుంచి పంపుకు పోతుంది. అంటే బయటి నుంచి లోపలికి. మురికి కాగితానికి బయటి వైపే ఆగిపోతుంది. కింద గిన్నె ఉన్న రకమైతే నీరు, మడ్డి అందులోకి దిగుతాయి.

పైపులు తారుమారైతే ఇదంతా తలకిందులవుతుంది. మురికి నడిమి ఇరుకు గొట్టంలో చేరి ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. కాగితానికి లోపల ఉండే చిల్లుల రేకు ఆసరా బయటి వైపు ఉండదు గనుక మడతలు విచ్చుకుని చిరగవచ్చు. అంతకన్నా చేటు ఇంకోటుంది. వడపోసిన డీజిలు మళ్లీ గిన్నెలోకే వచ్చి, అడుగున ఉన్న నీటినీ మడ్డినీ కదుపుకుంటూ పంపులోకి పోతుంది.

ఇలా బిగించినా ఇంజను స్టార్టు కాకుండా ఉండదు. కొన్నాళ్లు బాగానే నీళ్లు పోస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పంపులో ప్లంజరుకు, బ్యారెల్‌కు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఇక కంటికి ఆనని ఇసుక నలుసు అందులో ఇరుక్కుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. గీతలు పడ్డ ప్లంజరును మార్చాల్సిందే. ఎలిమెంట్ ఖరీదెక్కడ, ఆ ఖర్చెక్కడ! డబ్బు సంగతి అటుంచి, వరి పొట్ట మీదున్నప్పుడు పంపు విప్పి పట్నం పంపితే మడికి నీళ్లెవరు పెడతారు?

బిగించే ముందు ఫిల్టరు తలపై ఇన్, ఔట్ అనో, బాణం గుర్తో ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. ట్యాంకు పైపు ఇన్‌కు, పంపు పైపు ఔట్‌కు. పవర్ స్ప్రేయర్ల వంటి వాటి పైపు మధ్యలో ఉండే చిన్న ప్లాస్టిక్ ఫిల్టరుకైతే బాణం మొన ఇంజను వైపు ఉండాలి. గుర్తు లేని సరుకు చవగ్గా దొరికినా కొనకండి. పాత ఫిల్టరు విప్పేటప్పుడే ఏ పైపు ఎటుందో రంగు దారం కట్టి పెట్టుకుంటే తికమక ఉండదు.

ఇప్పటికే తిరగేసి బిగించి ఉన్నట్టు తేలితే పైపులు మార్చి ఊరుకోకండి. లోపలి వైపు అంటుకున్న మురికి ఈసారి నేరుగా పంపులోకి కొట్టుకుపోతుంది. ఎలిమెంట్ పారేసి, గిన్నె కడిగి, కొత్తది వేయాల్సిందే. తర్వాత ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా చూసి బిగించండి. హ్యాండ్ ప్రైమరు ఉంటే దాన్ని కొట్టాలి. ఆ తర్వాత పంపు స్క్రూ వద్ద కూడా అలాగే గాలి తీయాలి.

గాలి ఫిల్టరుదీ ఇదే కథ. లీటరు డీజిలు మండడానికి పదివేల లీటర్ల దాకా గాలి కావాలి. నూర్పిడి రోజుల్లో ఆ గాలితో ఎంత పొట్టు, దుమ్ము వస్తాయో తెలిసిందే. ట్రాక్టర్లకు వచ్చే కాగితం ఫిల్టర్లలో గాలి బయటి నుంచి లోపలికే పోతుంది. కాబట్టి దుమ్ము దులపడానికి కొట్టే గాలి లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో ఉండాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. నేలకేసి బాదడం, నీళ్లలో ముంచడం వద్దు. ఫిల్టరు లోపల బల్బు వెలిగించి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుగు తొంగిచూస్తే అది చిల్లే, మార్చేయండి. లోపల మరో చిన్న ఫిల్టరుంటే దాన్ని దులపకూడదు, మార్చడమే. మూతకు రబ్బరు ముక్కు ఉంటే అది నేల వైపు ఉండాలి. మూత తిప్పి పెడితే దుమ్ము కిందికి రాలే దారి మూసుకుపోతుంది.

నూనె గిన్నె ఉన్న పాత రకంలో నూనె సరిగ్గా గీత దాకా పోయాలి. తగ్గితే దుమ్ము ఆగదు. ఎక్కువైతే నూనె ఇంజనులోకి లాగబడి, ఇంజను అదుపు తప్పి పరుగెత్తవచ్చు. నూనె చిక్కబడి అడుగున బురద కట్టిందంటే గిన్నె, తీగల జాలీ కిరోసిన్‌తో కడిగి కొత్త నూనె పోయండి. జాలీ బాగా ఆరాకే బిగించాలి. ఫిల్టరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాన్ని కూడా వేళ్లతో వంచి చూడండి. దానికి పగులుంటే పైన ఎంత మంచి ఫిల్టరున్నా దుమ్ము ఆ సందు గుండానే లోపలికి పోతుంది.