విన్న ఐరోపా – కన్న ఐరోపా

వివాహమైన మూడవ మాసమున నేను మావారితో కలసి జర్మనీ దేశమందలి స్టుట్‌గార్ట్ నగరమునకు కాపురమునకు వచ్చితిని. ప్రయాణమునకు ముందు రాజమహేంద్రవరములోని మా యింటికి వచ్చిన బంధుమిత్రులు, ఆవకాయ జాడీలతోను పసుపుకుంకుమలతోను పాటు, ఐరోపాను గూర్చి తాము విన్న విశేషములను గూడ ప్రేమతో మాకప్పగించిరి: అచ్చట జీతములు లక్షలలో నుండుననియు, ఒక్క వీసాతో ఖండమంతయు తిరుగవచ్చుననియు, రైలుబండ్లు నిమిషమైనను తప్పవనియు, వైద్యము ఉచితమనియు, ఎండ యన్నదే యుండదనియు, భార్యకు ఉద్యోగము చేయు హక్కు లేదనియు. మూడు సంవత్సరములు ఇచ్చట కాపురముండి, సెలవు దొరికినప్పుడెల్ల ఇరుగుపొరుగు దేశములు చూచి వచ్చిన పిమ్మట, వీనిలో కొన్ని బొత్తిగా అపోహలనియు, కొన్ని సగము మాత్రమే నిజములనియు గ్రహించితిమి. ఆ సగము నిజములను నమ్ముకొనియే కొత్త దంపతులు ఇంటి లెక్కలు వేసికొందురు గనుక, మా వెనుక రానున్నవారి కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ లెక్కలలో మొదటిది జీతము. యూరోలను నూటితో హెచ్చవేసి రూపాయలుగా చూచుట మనవారందరి అలవాటు. మా మామగారును అట్లే హెచ్చవేసి, కుమారుని సంపాదనతో రెండేండ్లలో ఊరిలో స్థలము కొనవచ్చునని యెంచిరి. కాని నెలకు 4,000 యూరోలు జీతమని కాగితముపై వ్రాయబడిన ఉద్యోగికి, ఆదాయపు పన్నును, పింఛను నిధియు, ఆరోగ్య బీమాయు, నిరుద్యోగ బీమాయు, వార్ధక్యమున సంరక్షణకై కట్టవలసిన మరియొక బీమాయు పోగా, భార్యకు సంపాదన లేని గృహస్థుడైనను చేతికందునది 3,000 యూరోలకు లోపే. పింఛను నిధికే జీతమున నూటికి 18.6 వంతులు జమ కావలెను. అందు సగము యజమానియు సగము ఉద్యోగియు భరింతురు. ఇక మిగిలినదానిలో అద్దె. జర్మనులు ‘చల్లని అద్దె’, ‘వెచ్చని అద్దె’ అని రెండు మాటలు వాడుదురు. మొదటిది ఇంటికి మాత్రమే, రెండవది నీరు, వేడిమి, చెత్త మొదలగు ఖర్చులతో కూడినది. మొదటి అంకెను చూచి ఇల్లు చౌక యని మురిసిపోయిన దంపతులు నెల తిరుగునప్పటికి రెండవ అంకెను కట్టవలసియుండును. ఇదిగాక మూడు నెలల చల్లని అద్దె వరకు అడ్వాన్సుగా పుచ్చుకొనుటకు ఇంటి యజమానికి చట్టమే అనుమతి నిచ్చినది.

మా తొలి యింటి తాళము తీసి వంటగదిలో అడుగుపెట్టినప్పటి దృశ్యము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. నాలుగు తెల్లని గోడలు, ఒక గోడనుండి పొడుచుకొని వచ్చిన రెండు నీటి గొట్టములు, వాని క్రింద గుడ్డముక్క కుక్కిన మురుగు రంధ్రము, పైకప్పునుండి వ్రేలాడు విద్యుత్తీగ: ఇంతియే వంటగది! పొయ్యి లేదు, సింకు లేదు, అలమర లేదు, కడకు దీపమైనను లేదు. ఈ దేశమున పెక్కు ఇండ్లలో అద్దెకున్నవారు వంటగది సామగ్రినంతయు తామే కొనుక్కొని, ఇల్లు విడుచునప్పుడు విప్పుకొని పోవుదురని మాకెవ్వరును చెప్పియుండలేదు. మరియొకరు వాడిన సామగ్రి దొరకువరకు, మూడు వారములు, పడకగది నేలపై రైస్ కుక్కరు పెట్టుకొని అన్నమును పప్పును అందులోనే ఒకదాని వెంట ఒకటిగా వండితిని. మావారు స్నానపు గదిలో గిన్నెలు కడిగిరి. అన్నిటికిని యంత్రములుండును గనుక అచ్చట ఇంటి చాకిరి లేదనుట అపోహ. పనిమనిషి లేదు, ఇస్త్రీ బండి లేదు, పాలు తెచ్చియిచ్చువారు లేరు. ఆదివారము దుకాణములు దాదాపు అన్నియు మూతపడును. వారమునకు కావలసినదంతయు శనివారముననే మోసికొని రావలెను. ఈ పనులలో సగము నా భర్త చేతిమీదుగా జరుగుటను వీడియోలో చూచి మా అత్తగారు మొదట నొచ్చుకొనిరి. ఇప్పుడు ఆయన చేసిన పులుసుకు పాళ్లు తామే చెప్పుచున్నారు.

భార్యకు ఉద్యోగార్హత లేదనుమాట అమెరికాలోని హెచ్-4 వీసా కష్టములు విన్నవారు ఐరోపాకును అంటగట్టినది. మావారివలె బ్లూ కార్డు అను ఉద్యోగ నివాసపత్రముపై వచ్చినవారి జీవిత భాగస్వామికి జర్మనీలో ఏ ఉద్యోగమైనను చేయుటకు హక్కు కలదు. వీసా కొరకు ముందుగా జర్మను భాషా పరీక్షలో ఉత్తీర్ణతయు చూపనక్కరలేదు. అయితే ఈ రెండవ సౌకర్యమే నన్ను మోసపుచ్చినది. ఇంగ్లీషుతో గడచిపోవునని వచ్చితిని; దుకాణములో గడచినది, రైలులో గడచినది; కాని తపాలా పెట్టెలో పడు ప్రతి ఉత్తరమును, ఇంటి ఒప్పందమును, బీమా పత్రమును, ఉద్యోగ ప్రకటనలలో నూటికి తొంబదియు నాకు జర్మనులోనే కనబడినవి. ఏడాదిన్నర పట్టుదలతో చదివి బీ-1 పరీక్ష గట్టెక్కిన తరువాతనే ఒక చిన్న కార్యాలయమున పద్దులు వ్రాయు కొలువు దొరకినది. రానున్న సోదరీమణులు వీసాకు అక్కరలేకున్నను ఇంటనే ఆ భాషను ఆరంభింపవలెనని నా మనవి.

ఇక ప్రయాణముల మాట. ఐరోపాకు సరిహద్దులు లేవని మనవారి దృఢవిశ్వాసము. 1985 జూన్ 14వ తేదీన, లక్సెంబర్గు దేశపు షెంగెన్ గ్రామము వద్ద మొసెల్ నదిలో నిలచిన నౌకపై, ఐదు దేశముల ప్రతినిధులు సంతకము చేసిన ఒప్పందమే ఈ విశ్వాసమునకు మూలము. నేడు 29 దేశములు ఆ మండలమున చేరియున్నవి. కాని షెంగెన్ వేరు, ఐరోపా సమాఖ్య వేరు, యూరో నాణెము చెల్లు ప్రాంతము వేరు. స్విట్జర్లాండు సమాఖ్యలో లేదు, షెంగెనులో కలదు, దాని నాణెము ఫ్రాంకు. ఐర్లాండు సమాఖ్యలో కలదు, యూరోను వాడును, షెంగెనులో లేదు. బ్రిటను ఈ మూటిలో దేనిలోను లేదు. లండనులోనున్న మా పినతల్లిగారి కుమార్తెను చూచుటకు మేము వేరుగా వీసా తీసికొనవలసివచ్చినది. అంతేకాక, జర్మనీ నివాసపత్రముతో ఇతర షెంగెన్ దేశములకు పోవుట ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించరాదు. ఆ పత్రముతో అచ్చట కొలువు చేయు హక్కును రాదు.

సరిహద్దులు ఇంకను కలవను సంగతి పుస్తకమున చదువుట వేరు, అనుభవమునకు వచ్చుట వేరు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్ నుండి రైను నది మీదుగా జర్మనీలోని కేల్ పట్టణమునకు 2017 నుండి ట్రాము బండి నడచుచున్నది. ఊరిలో ఒక పేటనుండి మరియొక పేటకు పోవు టిక్కెట్టుతో దేశము దాటవచ్చును. ఒక శరత్కాలపు సాయంత్రము ఆ బండిలో, వంతెనపైనుండి నదిలో ఎఱ్ఱబారిన వెలుగును చూచుచు మైమరచియున్న మాకు, కేల్ వద్ద దిగగానే ఇద్దరు పోలీసులు ఎదురై పాస్‌పోర్టులు చూపుమనిరి. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుండి తన భూసరిహద్దులన్నింటను తనిఖీలు సాగించుచున్నది. మా చేతనున్నవి నివాసపు కార్డులు మాత్రమే; పాస్‌పోర్టులు స్టుట్‌గార్టులో బీరువాలో భద్రముగా నున్నవి. నివాసపు కార్డు పాస్‌పోర్టుతో కలసి యున్నప్పుడే ప్రయాణమునకు చెల్లునని వారు ఓపికగా వివరించి, వివరములు సరిచూచుకొని, ముప్పావు గంట తరువాత విడిచిరి. చలిలో నిలబడిన ఆ ముప్పావు గంట నాకు నేర్పిన పాఠము వలన నేటికిని గడప దాటునప్పుడు చేతిసంచి తడిమి చూచుకొందును.

రైళ్ల విషయము క్లుప్తముగా చెప్పెదను. స్విట్జర్లాండును చూచినవారి మాటను ఖండమంతటికిని వర్తింపజేసికొంటిమి. జర్మనీలో ఆరు నిమిషములకు లోపు ఆలస్యమును ఆలస్యముగానే లెక్కింపకున్నను, 2024లో దూరపు బండ్లలో నూటికి 62.5 మాత్రమే సమయమునకు చేరినవి. గంట ఆలస్యమైనచో టిక్కెట్టు ధరలో నాలుగవ వంతు, రెండు గంటలైనచో సగము తిరిగి కోరు హక్కు ప్రయాణికునకు కలదు; కోరనివారికి రాదు.

వైద్యము ఉచితము కాదు. జీతమునుండి నెలనెలా ముందే కట్టుచున్నాము. ప్రభుత్వ బీమా మూలచందా 14.6 శాతము, దానిపై కొంత అదనము. అందును సగము యజమానిది. సంపాదన లేని భార్యకు వేరుగా చందా లేకుండ అదే బీమా వర్తించుట మాత్రము మెచ్చదగినది. కాని మన యూరిలోవలె సాయంత్రము వీధి చివరి డాక్టరుగారి వద్దకు పోయి కూర్చుండుట కుదరదు. చర్మవైద్యుని దర్శనమునకు నేను పదునొకండు వారములు వేచియుంటిని. ప్రాణాపాయము వేరు: సమాఖ్య దేశములన్నింటను 112 అను ఒక్క సంఖ్యయే చాలును.

చలిదేశమను మాటను గూర్చియు ఒక హెచ్చరిక. చలికన్న మమ్ము క్రుంగదీసినది చీకటి. డిసెంబరులో ఇచ్చట పగలు ఎనిమిది గంటలకు కొంచెము మాత్రమే మించును. ఆఫీసుకు చీకటిలో పోయి చీకటిలో వచ్చెదము. జూనులో పదునారు గంటల పగలు. ఎండ యుండదనుటయు అపోహయే: 2019 జూలైలో జర్మనీలో 41.2 డిగ్రీల ఎండ కాచినది. వేడిని పట్టి యుంచుటకు కట్టిన ఇండ్లలో, ఏసీ లేకుండ, పంకా కూడ లేకుండ ఆ ఎండ యెట్లుండునో రాజమహేంద్రవరపు మే మాసము నెరిగిన నాకు ఊహించుకొనుట కష్టము కాలేదు.

శాకాహారికి తిండి దొరకదనుట నేడు చెల్లదు. సోనా మసూరి మొదలు చింతపండు వరకు భారతీయ దుకాణములలో లభించును. తెలియక తినుటయే ప్రమాదము: ఇటలీలో పెక్కు వంటకములపైన చల్లు పార్మిజానో జున్నును దూడ కడుపునుండి తీసిన పదార్థముతో తోడుపెట్టుదురు. మొదటి సెలవుకు పోయివచ్చునప్పుడు అమ్మ కట్టియిచ్చిన కరివేపాకును, ఆరు బంగినపల్లి మామిడిపండ్లను, నేతి డబ్బాను విమానాశ్రయమున తీసివేసిరి. పాలతో చేసినవి నిషిద్ధములు. పండ్లలో అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరము తప్ప మిగిలిన వన్నిటికిని ధ్రువపత్రము కావలెను. కొబ్బరికాయను, ఆవకాయను మాత్రము మా చేతికి తిరిగి యిచ్చిరి.

కడపటిది, మా అత్తగారు ఫోనులో పలుమారు అడిగినది: “ఏమ్మా, వాళ్లు మనుషుల్ని దగ్గరికి రానివ్వరటగా?” జర్మను భాషలో మన ‘మీరు’, ‘నువ్వు’ల వలెనే ‘జీ’, ‘డూ’ అని రెండు పిలుపులున్నవి, పెద్దవారు అనుమతించువరకు ‘డూ’ అనరాదు. ఈ మర్యాదను తెలుగువారు సులభముగా గ్రహింపగలరు. దీనినే కొందరు కాఠిన్యమనుకొందురు. స్టుట్‌గార్ట్ ప్రాంతమున మెట్లు, నడవ ఊడ్చి తుడుచుట ఇంటింటికి వారము చొప్పున వంతుగా వచ్చు ప్రాచీనాచారము కలదు; వంతు వచ్చినవారి తలుపునకు ఒక చిన్న పలక వ్రేలాడదీయుదురు. మాకు తొలిసారి పలక వచ్చినప్పుడు పై అంతస్తు అవ్వగారు చీపురుతో దిగివచ్చి, మెట్టు మూలలలో దుమ్ము ఎట్లు తీయవలెనో వంగి చూపించిరి. ఆమె నన్ను ‘డూ’ యని పిలుచుటకు రెండేండ్లు పట్టినది.

ఈ సంక్రాంతికి మా తలుపు ముందర నడవలో బియ్యపు పిండితో చిన్న ముగ్గు పెట్టితిని. ఆ వారము పలక అవ్వగారి తలుపున నున్నది. సాయంత్రము పని ముగించుకొని వచ్చి చూచునప్పటికి మెట్లన్నియు తడిగుడ్డతో తుడువబడి మెరయుచున్నవి. మా గడప ముందర తడి మరక ముగ్గు చుట్టును వంపు తిరిగి, ఒక్క చుక్కయైనను చెరపకుండ, ఆవలకు సాగిపోయియుండెను.