అంగన్‌వాడీ టీచర్‌కు ధీమా ఎలా వస్తుంది?

ఆరేళ్లలోపు పిల్లల పోషణ, ఆటపాటల చదువు కోసం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలైంది. ఊళ్లో దాని రూపం అంగన్‌వాడీ సెంటర్. అక్కడి టీచర్ల ఒత్తిడి ప్రస్తావన వస్తే మాట జీతం దగ్గరే ఆగిపోతుంది. అది చిన్న సంగతేమీ కాదు. కేంద్రం 2018లో తన వాటాను నెలకు రూ.3,000 నుంచి రూ.4,500కు పెంచింది. పైన రాష్ట్రాలు కలుపుతాయి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగింది ప్రధానంగా వేతనం, గ్రాట్యుటీ కోసమే. అయితే జీతం పెరిగినా తీరని ఒత్తిడి ఒకటుంది.

అదేమిటో తెలియాలంటే ముందు రెండు విషయాలను విడదీసి చూడాలి. మనిషిగా నాకో విలువ ఉందనుకోవడం ఆత్మగౌరవం. ఈ పని నేను చేయగలననుకోవడం స్వసామర్థ్య విశ్వాసం (ఫలానా పనిలో తన మీద తనకున్న ధీమా). ఊరంతా గౌరవించే టీచరు కూడా మూడేళ్లొచ్చినా మాటలు రాని పిల్లాడి ముందు ఏం చేయాలో తోచక నిలబడిపోవచ్చు.

ఈ ధీమా గురించి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండురా 1977లో ఒక సిద్ధాంతం చెప్పారు. తన చేతులతో చేసి, ఫలితాన్ని కళ్లారా చూడటమే దానికి అన్నిటికన్నా బలమైన ఆధారం. తనలాంటివారు చేస్తుంటే చూడటం, నమ్మకమున్నవారు మెచ్చుకోవడం ఆ తర్వాతివి.

ఇప్పుడు టీచరు రోజు చూడండి. హాజరు, గుడ్లు, పాలు, తూకాలు, గర్భిణుల వివరాలు. 2021 నుంచి వీటిలో చాలా వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు కూడా వచ్చింది. సిగ్నల్ అందకపోయినా, ముఖం సరిపోలకపోయినా తల్లులు కోప్పడేది టీచరు మీదే. పని బరువు ఎక్కువై, దాని మీద అధికారం తక్కువైనప్పుడే మనిషి ఎక్కువ నలిగిపోతాడని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో వివరించారు. ఇక్కడ జరిగేది అదే. ఒత్తిడి తగ్గాలంటే యోగా నేర్పాలనేవారూ ఉన్నారు. యోగా మంచిదే, దానితో యాప్ సర్వర్ మాత్రం కదలదు.

రోజంతా ఈ లెక్కలకే పోతే, పిల్లలతో చేసి చూసి ధీమా పెంచుకునే వీలుండదు. దాని దెబ్బ పిల్లల మీద పడుతుంది. ధీమా లేని టీచరు ప్రమాదం లేని దారి పడుతుంది. పిల్లలను వరసగా కూర్చోబెట్టి అఆలు వల్లె వేయిస్తుంది. చూసేవాళ్లకు అది చదువులాగే కనిపిస్తుంది. గింజలు ఏరించడం, కథ చెప్పించడం కూడా చదువేనని తల్లిదండ్రులతో వాదించాలంటే ముందు తనకు ఆ నమ్మకం ఉండాలి. అది లేకపోతే, "ఊరికే ఆడిస్తున్నారు మేడం" అనే మాటకు జవాబు దొరకదు. పిల్లలు ప్రైవేటు ఎల్‌కేజీకి వెళ్లిపోతారు. సెంటర్‌లో సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గిందని పైవాళ్లు నిలదీస్తారు. ఉన్న కాస్త ధీమా కూడా పోతుంది.

చిన్నపిల్లల చదువు మీద టీచర్లకు శిక్షణ ఇచ్చేందుకు 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం వచ్చింది. మంచి అడుగే. కానీ హాల్లో విన్నది సెంటర్‌లో చేసి చూసినప్పుడే ధీమాగా మారుతుంది, అప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. సూపర్‌వైజర్ వచ్చీ రాగానే రిజిస్టర్లు అడగకుండా, ఒక అరగంట ఆట చూసి, "ఆ పిల్ల ఇవాళ తనంతట తాను కథ చెప్పింది, గమనించారా?" అంటే చాలు. చుట్టుపక్కల సెంటర్ల టీచర్లు కలిసే సెక్టార్ మీటింగ్‌లో కూడా లెక్కలు అప్పజెప్పాక ఒక టీచరు తను ఆడించే ఆట మిగతావారికి చేసి చూపించవచ్చు.