బండి నిదానంగా పోతే ఎందుకు తూలుతుంది?

బాలలూ! మా కడప జిల్లాలో ఎర్రగుంట్ల అని ఒక ఊరున్నది. రైలు జంక్షను. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాతి గనులు, బండల పాలిషు కార్ఖానాలు. కొంచెం దూరంలో కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్కేంద్రం. కనుక నాలుగురోడ్ల కూడలిలో పొద్దస్తమానం లారీలు బారులు తీరి ఉంటాయి. ఆ లారీల వెనుక మోటారు సైకిళ్లవాళ్లు పడే అవస్థ చూడవలసిందే! అంతవరకూ బాణంలా వచ్చిన మనిషి, లారీ వెనుక నడకవేగానికి దిగగానే తూలడం మొదలుపెడతాడు. హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంటుంది. రెండు కాళ్లూ కిందికి దించి, నేలను రాస్తూ, బాతులా పోతాడు.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు, మోచేతికి కట్టుతో వచ్చి ఇదే అడిగాడు.

"సార్, బండి జోరుగా పోయేటప్పుడు గదా పడాల? నేను నిదానంగానే పోతి. అయినా పడితినే, ఎందుకు?"

"ఎక్కడ పడితివి అబ్బీ?"

"పాలిషు ఫ్యాక్టరీ గేటు ముందర, మలుపులో. పొద్దున రవ్వంత తుంపర పడింది సార్."

వాడు నడిపినది వాళ్ల నాయన బండి. పాలు తెమ్మంటే తీసుకుపోయాడు. వెనుక వస్తున్న లారీ డ్రైవరు మెలకువగల మనిషి కాబట్టి బ్రేకు పట్టాడు. లేకపోతే కట్టు మోచేతితో ఆగేది కాదు. వాడి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. నిదానంగా పోయే బండి ఎందుకు తూలుతుంది? టైరు నేలను ఎందుకు వదిలేస్తుంది? ఒక్కొక్కటే చూద్దాం.

ఒక చీపురుకట్టను అరచేతిలో నిటారుగా నిలబెట్టి చూడండి. అది కుడివైపు ఒరిగితే మీరేం చేస్తారు? చెయ్యిని కూడా కుడివైపే జరుపుతారు. ఒరిగే చీపురు కిందికి చెయ్యి పోయి, దాన్ని మళ్లీ నిలబెడుతుంది. సైకిలు తొక్కేవాడు చేసే పని కూడా అచ్చంగా ఇదే. బండి కుడికి ఒరిగితే హ్యాండిలు కుడికే తిప్పుతాడు. చక్రాలు ఒరిగిన వైపుకే పోయి, బండి కిందికి చేరుకుంటాయి. సైకిలు నేర్చుకునేటప్పుడు మనకు వచ్చే విద్య యావత్తూ ఇదే. అయితే అది ఒళ్లు నేర్చుకునే విద్య. నోటితో చెప్పమంటే పెద్దవాళ్లు కూడా చెప్పలేరు.

ఇప్పుడు వేగం సంగతి చూడండి. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నదంటే సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుందన్నమాట. గంటకు 4 కిలోమీటర్లయితే సెకనుకు ఒక మీటరు పైచిలుకు. హ్యాండిలు ఒకే కోణంలో తిప్పినప్పుడు, బండిని లేపి నిలబెట్టే తోపు ముఖ్యంగా వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం పదోవంతుకు తగ్గితే ఆ తోపు నూరోవంతుకు తగ్గిపోతుంది. జోరులో వెంట్రుకవాసి తిప్పితే చాలు. నడకవేగంలో ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పినా చాలీ చాలదు. హ్యాండిలు అంతగా కొట్టుకునేది అందుకే.

"తిరిగే చక్రం బొంగరంలాంటిది గదా, బొంగరం తిరిగినంతసేపూ పడదు, బండీ అంతే" అని చాలా పుస్తకాలలో రాశారు. అది కొంత నిజమే గాని, అదే మూలకారణం కాదు. 2011లో అమెరికాలోని కార్నెల్, నెదర్లాండ్సులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఒక తమాషా సైకిలు తయారుచేశారు. దాని చక్రాలతోపాటు వెనక్కి తిరిగే మరి రెండు చక్రాలు అమర్చారు. ఈ బొంగరపు బలాన్ని ఆ బొంగరపు బలం కొట్టివేసింది. అయినా ఆ సైకిలును మనిషి లేకుండా తోసి వదిలితే, పడకుండా తనంతట తానే పోయింది! అది కూడా ఒరిగిన వైపుకు తానే తిరిగేది. మీ సైకిలును కూడా ఆటస్థలంలో, ఎవరూ ఎదురుగా లేనిచోట, పరుగెత్తి తోసి వదిలి చూడండి. కాసేపు బుద్ధిమంతుడిలా పోతుంది. వేగం తగ్గాకనే వంకర తిరిగి పడుతుంది.

నేను బడిలో ఉన్నంతకాలం, వార్షికోత్సవపు ఆటల్లో నిదానపు సైకిలు పందెం తప్పకుండా పెట్టేవాణ్ణి. సున్నంతో గీతలు గీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బాట ఇచ్చేవాళ్లం. కాలు కింద పెట్టరాదు, గీత దాటరాదు, అందరికంటె వెనుక చేరినవాడే గెలిచినట్లు. పరుగుపందెంలో మొదట వచ్చిన వస్తాదులు ఇందులో నాలుగు గజాలు కూడా పోలేకపోవడం చూచి పిల్లలు పడి పడి నవ్వేవారు. గెలిచేవాణ్ణి గమనిస్తే రెండు సంగతులు కనబడతాయి. వాడు చక్రం వంక చూడడు, ఎదురుగా దూరంగా చూస్తాడు. రెండోది, పెడలు ఆపడు. తొక్కుతూనే, వెనుక బ్రేకు కొద్దికొద్దిగా పట్టి ఉంచుతాడు. ముందుకు తోసే బలమూ, వెనక్కి లాగే బలమూ రెండూ చేతిలో ఉంటే, బండి తీగ లాగిపట్టినట్లు బిగువుగా ఉంటుంది.

మోటారు సైకిలు మీదా కిటుకు ఇదే. కాని పెడలుకు బదులు అక్కడ క్లచ్చి ఉన్నది. ఇంజను ఒక వేగానికి తక్కువగా తిరగలేదు, ఆగిపోతుంది. క్లచ్చి పూర్తిగా వదిలేస్తే, ఒకటో గేరులో కూడా బండి నడిచే మనిషికంటె వడిగా పోతుంది. మరి అంతకంటె నిదానంగా పోవాలంటే? క్లచ్చిని సగం వదిలి, సగం పట్టి ఉంచాలి. మెకానిక్కులు దీన్నే హాఫ్ క్లచ్చి అంటారు. క్లచ్చిలోని పళ్లాలు ఒకదానిమీద ఒకటి జారుతూ, ఇంజను బలంలో కొంతే చక్రానికి అందిస్తాయి. కుడికాలితో వెనుక బ్రేకును మెత్తగా అదిమి ఉంచాలి. అంతే, నడకవేగంలో కూడా బండి నిలకడగా పోతుంది. అయితే గంటలకొద్దీ ఇట్లా పోతే పళ్లాలు వేడెక్కి అరిగిపోతాయి సుమా! కూడలిలో లారీ వెనుక అయిదు నిమిషాలు నిలవవలసి వస్తే, గేరు తీసి కాలు కింద పెట్టడమే మర్యాద.

లైసెన్సు పరీక్షలో '8' ఎందుకు వేయిస్తారో ఇప్పుడు తెలిసిందా? జోరుగా పోవడం ఎవడికైనా వస్తుంది. కాలు దించకుండా, కుడికీ ఎడమకూ నిదానంగా తిరగడమే విద్య. మలుపులో తల తిప్పి, పోవలసిన చోటును చూడాలి. కన్ను ఎటు పోతే చెయ్యి అటు పోతుంది. హ్యాండిలు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టరాదు. మలుపులో ఒరిగిన బండిని పడకుండా నిలిపేది దాని వేగమే గదా; అది ఒక్క క్షణంలో పోతే బండి ఒరిగిన వైపుకే కూలబడుతుంది. మా కుర్రవాడు చేసిన మొదటి పని అదే. రెండో కారణం వాడి టైరు కింద ఉన్నది.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ అనేవాళ్లు మొట్టమొదటి పెట్రోలు మోటారు సైకిలు చేశారు. చట్రం కొయ్యది, చక్రాలు కొయ్యవి, వాటికి మన ఎద్దులబండికి మల్లే ఇనుప పట్టాలు. గంటకు 12 కిలోమీటర్లకు మించి పోయేది కాదు. నిదానపు బండి గనుక తూలుతుందని వాళ్లకు తెలుసు. అందుకే పక్కన రెండు బుల్లి చక్రాలు పెట్టారు! ఇనుము నేలను ఏం పట్టుకుంటుంది? రబ్బరు కావాలి. రబ్బరు ఎండకు కరగకుండా, చలికి బిరుసెక్కకుండా గంధకంతో కలిపి కాచే పద్ధతిని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. గాలి నింపిన టైరుకు 1845లోనే రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందాడు గాని, అది మరుగున పడిపోయింది. 1888లో బెల్‌ఫాస్టు పట్టణంలో డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి గాలిటైరు వేశాడు. అప్పటినుంచే అది లోకమంతా పాకింది.

టైరు నేలను ఎంతమేర తాకుతుందో లెక్క వేయండి, చిన్నదే. బండీ మనిషీ కలిసి 200 కిలోలనుకోండి. వెనుక చక్రం మీద 120 కిలోలు పడుతున్నవనుకోండి. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు. 120ని 2తో భాగిస్తే 60 చదరపు సెంటీమీటర్లు. అంటే మీ అరచేయంత! ముందు చక్రానికి ఇంకా తక్కువ. మనిషి ప్రాణం ఆ రెండు అరచేతుల మీద ఆధారపడి పోతున్నదన్నమాట.

ఆ అరచేయి నేలను రెండు విధాల పట్టుకుంటుంది. మెత్తని రబ్బరు నేలకు అతుక్కోవడం ఒకటి. గరుకుగా ఉన్న చిన్న చిన్న కంకరమొనల చుట్టూ ఒదిగి, వాటిని కరచి పట్టుకోవడం రెండోది. తారురోడ్డు తడిస్తే నీటిపొర అడ్డు వచ్చి అతుకు తగ్గుతుంది. గరుకు మాత్రం ఉంటుంది గనుక పట్టు పూర్తిగా పోదు. టైరు మీది గాళ్లు ఆ నీటిని పక్కకు తోసివేస్తాయి. గాళ్లు అరిగిపోయిన గుండు టైరుకు నీటిని తోసే దారి లేదు. గాళ్ల మధ్య చిన్న చిన్న బొడిపెలుంటాయి, చూడండి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చవలసిందే.

ఇక పాలిషు బండ. మా ఎర్రగుంట్ల నాపబండలు ఎన్నెన్ని ఊళ్లకు పోయాయో లెక్కలేదు. మీరు ఇప్పుడు కూర్చుని చదువుతున్న అరుగు మీదా అదే ఉండవచ్చు. ఆ బండను కోసేటప్పుడూ, నున్న చేసేటప్పుడూ నీళ్లు పోస్తూనే ఉంటారు. నీటిలో కలిసిన రాతిపిండి కార్ఖానా గేటు ముందు రోడ్డు మీద పడి, ఎండి, తెల్లగా పేరుకుంటుంది. ఎండలో అది దుమ్మే. తుంపర పడిందా, దోసెపిండి అవుతుంది! కంకరమొనలన్నీ ఆ పిండి కింద పూడిపోతాయి. అతుకూ లేదు, కరపూ లేదు. జడివాన అయితే కొంత నయం, పిండిని కడిగేస్తుంది. చిటచిట పడే మొదటి తుంపరే ప్రమాదం. నెలల తరబడి వాన లేని మా సీమలో రోడ్డు మీద కారిన నూనె, అరిగిన రబ్బరు, దుమ్ము అన్నీ ఆ తుంపర కోసమే కాచుకుని ఉంటాయి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, బ్రేకు బాగా పట్టిన తరువాత బండి ఎంత దూరంలో ఆగుతుందో లెక్కకట్టి చూశాను. పొడి తారురోడ్డు మీద సుమారు 9 మీటర్లు. తడిసిన రోడ్డు మీద సుమారు 16. రాతిపిండి బురదలో పట్టు ఇంకా సగమైతే 31 మీటర్లు! బ్రేకు పట్టాలని తోచి, చేయి కదిలే ఒక్క సెకనులో పోయే 11 మీటర్లు వీటికి అదనం.

పై తరగతుల పిల్లలకు ఒక ముచ్చట చెప్పాలి. టైరు పట్టు మొత్తం 10 పాళ్లనుకోండి. మలుపుకు 8 పాళ్లు ఖర్చయితే బ్రేకుకు ఎంత మిగులుతుంది? 2 అంటారు గదూ? కాదు, 6! మలుపు బలం పక్కకు, బ్రేకు బలం వెనక్కు. రెండూ లంబంగా ఉన్నాయి. కనుక ఇది కూడికల లెక్క కాదు, పైథాగరసు లెక్క. 8 వర్గం, 6 వర్గం కలిస్తే 10 వర్గం. నోటుబుక్కులో లంబకోణ త్రిభుజం గీసినప్పుడల్లా "ఇదెందుకు పనికొస్తుంది సార్?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. అయితే పిండిబురదలో ఆ 10 కాస్తా 2కో 3కో దిగిపోతుంది. అక్కడ త్రిభుజం గీయడానికి చోటే ఉండదు. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, వేగం తగ్గించుకోవాలి.

చక్రం పూర్తిగా బిగిసి జారితే, దొర్లే చక్రానికున్న పట్టు కూడా ఉండదు. అందుకే చక్రం బిగియబోయినప్పుడల్లా బ్రేకును వదిలి పట్టే యంత్రాన్ని కనిపెట్టారు. ఏ.బీ.ఎస్. అంటారు. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి చేశారు. కాని నేలకు లేని పట్టును అది మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది?

రేగడి నేలల సంగతి మీలో పల్లెటూరి పిల్లలకు చెప్పనక్కరలేదు. వానకు ఆ మన్ను గాళ్లన్నీ పూడ్చి, మడ్గార్డు కింద గట్టిపడి, చక్రాన్నే తిరగనివ్వదు. పొలంలోనుంచి వచ్చే ట్రాక్టరు ఆ మన్నును తారురోడ్డు మీద కూడా రాల్చిపోతుంది. రైలుగేటు దగ్గర తడిసిన పట్టాలను ఏటవాలుగా దాటరాదు. చక్రం పట్టా వెంబడే జారిపోతుంది. అడ్డంగా, తిన్నగా దాటాలి, పట్టా మీద ఉండగా బ్రేకు పట్టరాదు.

ఇక తలిదండ్రులతో ఒక మాట. మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. గేర్లు లేని 50 సీసీ లోపు బండికయితే 16. పిల్లవాడు నడిపి ఆ చట్టాన్ని మీరితే బండి ఇచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019లో చట్టం సవరించారు. పాలకు పంపించే నాయనలు ఇది ఒకసారి చదువుకోవాలి. మా కుర్రవాడికి మాత్రం నేను నిదానపు సైకిలు పందేనికి సాధన చేయమని చెప్పాను. మోటారు సైకిలు విద్యలో సగం అక్కడే ఉన్నది. దానికి లైసెన్సు అక్కరలేదు.

సెలవుల్లో మీరు చేయదగిన పరీక్ష ఒకటున్నది. పాత రబ్బరు చెప్పు ఒకటి తీసుకుని, దానిమీద ఇటుక పెట్టి దారంతో కట్టండి. సైన్సు మాస్టారినడిగి స్ప్రింగు త్రాసు తెచ్చుకుని, దారానికి తగిలించి, చెప్పు కదిలేదాకా మెల్లగా లాగండి. మొదట పొడి నాపబండ మీద, తరువాత నీళ్లు చల్లి, తరువాత సుద్దపొడి చల్లి తడిపి, చివరకు గరుకు సిమెంటు నేల మీద, పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి. ప్రతిసారీ చెప్పు కదిలినప్పుడు ముల్లు ఎంత చూపిందో రాసుకోండి. ఒక్కొక్కటీ మూడుసార్లు చేసి సగటు తీయాలి. చెప్పును ప్రతిసారీ కడిగి, ఆరబెట్టడం మరచిపోకండి. లేకపోతే సుద్దపొడి లెక్క గరుకు నేల లెక్కలోకి వచ్చి చేరుతుంది.