అందరం ఒకే ఆదివారం బయల్దేరితే?

సాగర్, శ్రీశైలం, అనంతగిరి, బొగత... వానలు మొదలైతే చాలు, సిటీలో సగం మంది రోడ్డు మీదే ఉంటారు. 2021లో విదేశాల దారి మూసుకుపోయినప్పుడు ఎగబడిన రద్దీ ఇప్పటికీ ఎందుకు తగ్గట్లేదు? మన చేతిలో ఏముంది?

వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే సైదాబాద్ నుంచి ఐఎస్ సదన్ చౌరస్తా దాకా వెళ్లి చూడండి. పాలప్యాకెట్ కోసం వచ్చినవాళ్లతో పాటు బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. బండికి ఇద్దరు, కారుకి అయిదుగురు. చంపాపేట్, కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రింగ్ రోడ్డు దాటితే నాగార్జునసాగర్ దారి. అటు చాంద్రాయణగుట్ట వైపు తిరిగితే శ్రీశైలం హైవే. ఈ ఏరియా వాళ్లకి ఇదో సౌకర్యం. సిటీ మొత్తం దాటాల్సిన పనిలేదు, ఇంట్లోంచి బయటికొస్తే కృష్ణానది వైపు బండి తిప్పినట్టే.

సమస్య ఏంటంటే, అదే టైంకి కూకట్‌పల్లి నుంచి, ఉప్పల్ నుంచి, సికింద్రాబాద్ నుంచి కూడా అదే ప్లాన్‌తో బయల్దేరతారు. మధ్యాహ్నానికి అందరూ ఒకేచోట తేలతారు. డ్యామ్ గేట్ల నుంచి దూకే నీళ్లు చూద్దామని వెళ్తే, ముందు కారు వెనక నంబర్ ప్లేటు చూస్తూ రెండు గంటలు గడుస్తాయి.

ఆ ఏడాది ఏం జరిగింది?

ఒకసారి 2021కి వెళ్దాం. సెకండ్ వేవ్ మనల్ని వణికించిన ఏడాది. తెలంగాణలో మే 12న మొదలైన లాక్‌డౌన్‌ని జూన్ 20 నుంచి పూర్తిగా ఎత్తేశారు. మన అసలు వేసవి నాలుగు గోడల మధ్యే పోయింది. పిల్లల సెలవులు, మామిడిపండ్లు, అమ్మమ్మ ఊరు... అన్నీ పోయాయి. తలుపులు తెరుచుకునేసరికి వానలు వచ్చేశాయి.

విదేశాలకి పోదామంటే దారి లేదు. 2020 మార్చి 23 నుంచి ఆగిపోయిన రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు మళ్లీ మామూలుగా ఎగరడం 2022 మార్చి 27న గానీ మొదలవలేదు. మధ్యలో 'ఎయిర్ బబుల్' ఒప్పందాలతో కొన్ని దేశాలకి విమానాలు తిరిగినా, టెస్టులు, క్వారంటైన్, వీసా తలనొప్పులతో సరదా ట్రిప్పులు దాదాపు బంద్. బ్యాంకాక్, బాలి, దుబాయ్ అనుకున్నవాళ్లంతా మ్యాప్‌లో దగ్గరి కొండ ఎక్కడుందా అని వెతికారు.

ఫలితం జులైలో దేశమంతా చూసింది. మనాలి వీధుల్లో కాలు పెట్టే చోటు లేని ఫొటోలు, ముస్సోరీ దగ్గర కెంప్టీ జలపాతంలో భుజాలు రాసుకుంటూ స్నానాలు చేస్తున్న జనం వీడియో... మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. చివరికి కెంప్టీలో ఒకసారికి 50 మందినే, అదీ అరగంటే ఉండనిస్తామని అక్కడి అధికారులు రూల్ పెట్టారు. మాస్కులు లేకుండా హిల్ స్టేషన్లలో గుమిగూడటం ఆందోళన కలిగిస్తోందని ప్రధాని కూడా చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గరా అదే కథ. జులై 25న రామప్ప గుడికి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ నెలాఖరుకి శ్రీశైలం గేట్లు లేచాయి, ఆ వెంటనే సాగర్ గేట్లూ లేచాయి. నెలల తరబడి ఇంట్లో మగ్గినవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? అటు ములుగుకి, ఇటు కృష్ణకి బండ్లు కదిలాయి.

విమానాలు వచ్చాయి, రద్దీ పోలేదు

విదేశాలు తెరుచుకున్నాక ఇదంతా సర్దుకోవాలి కదా? సర్దుకోలేదు. ఎందుకంటే ఆ రెండేళ్లలో ఇంకో రెండు విషయాలు మారిపోయాయి.

మొదటిది సొంత బండి. బస్సులో పక్కన ఎవరు కూర్చుంటారో అన్న భయంతో జనం సొంత బండ్లకీ, సెల్ఫ్ డ్రైవ్ కార్లకీ అలవాటుపడ్డారు. కరోనా పోయినా ఆ అలవాటు పోలేదు. ఒక ఆర్టీసీ బస్సులో యాభై మంది వెళ్తారు. అదే యాభై మంది కార్లలో వెళ్తే పది, పన్నెండు కార్లు. జలపాతం దగ్గర చోటు తక్కువై కాదు, ఆ కార్లు పెట్టడానికి చోటు లేక జామ్ అవుతుంది.

రెండోది మన చేతిలోని ఫోన్. 2020 జూన్ 29న టిక్‌టాక్ మీద నిషేధం వచ్చింది. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. అంటే జనం దగ్గరి కొండల కోసం వెతుకుతున్న టైంకే, ఆ కొండల్ని ముప్పై సెకన్లలో చూపించే యంత్రం చేతికొచ్చింది. పాడేరు దగ్గర వంజంగి కొండ పేరు అంతకుముందు ఎంతమంది విన్నారు? మేఘాలు పాలసముద్రంలా పరుచుకున్న వీడియోలు తిరిగాక, తెల్లవారుజామున ఆ కొండ మీద సూర్యుడి కోసం జనం క్యూ కడుతున్నారు. రీల్‌లో మేఘాలు కనిపిస్తాయి. కింద పేరుకున్న వాటర్ బాటిళ్లు కనిపించవు.

లెక్క వేసి చూద్దాం

రద్దీ అనగానే జనానికి బుద్ధి లేదు అనేస్తాం. కాస్త ఆగండి. వారమంతా షాపులోనో, ఆఫీసులోనో, గిగ్ డెలివరీల్లోనో పనిచేసేవాడికి దొరికేది ఒక్క ఆదివారం. హోటల్ రూమ్‌కి డబ్బులు పెట్టలేడు కాబట్టి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలి. అంటే నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల లోపే చూసుకోవాలి. సాగర్ అంతే దూరం, శ్రీశైలం ఇంకాస్త ఎక్కువ, అనంతగిరి అయితే అందులో సగం. ఇలా ఆలోచించేవాళ్లు లక్షల్లో ఉంటే అందరికీ ఒకే మూడు, నాలుగు పేర్లు తడతాయి. ఇది బుద్ధి సమస్య కాదు, లెక్క సమస్య.

కెంప్టీ రూల్‌నే తీసుకోండి. అరగంటకి 50 మంది అంటే గంటకి వంద. పది గంటలు తెరిచినా రోజుకి వెయ్యి మందే. పొద్దున పదింటికే వెయ్యి మంది వచ్చి నిలబడితే చివరివాడికి రాత్రి ఏడున్నరకి గానీ వంతు రాదు. అదే వెయ్యి మంది రోజంతా విడివిడిగా వస్తే ఎవరూ పెద్దగా ఎదురుచూడక్కర్లేదు. జనం సంఖ్య అదే, మారింది వాళ్లు వచ్చే టైం ఒక్కటే.

శ్రీశైలం దారి చూడండి. మన్ననూరు దాటాక ఉండేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జంతువుల కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. అది అవసరమైన రూలే. కానీ తెల్లవారకముందే చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన కార్లన్నీ ఆరింటికి ఒకేసారి వదిలిన బాణాల్లా దూసుకెళ్తాయి. దోమలపెంట దాటాక ఘాట్‌లో ఎవరో ఒకరు గేట్లు కనిపించాయని రోడ్డు పక్కన బండి ఆపుతారు. వెనక ఇంకొకరు. రెండు వరసల రోడ్డు ఒక వరస అవుతుంది. ఎదురుగా బస్సు వస్తే కథ అయిపోయింది.

నీళ్లకి మన తొందర తెలీదు

ట్రాఫిక్ జామ్ అంటే టైం పోతుంది. నీళ్ల దగ్గర రద్దీ అయితే ప్రాణం పోతుంది. తేడా అర్థం కావాలంటే రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి.

2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి ట్రిప్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఫొటోల కోసం రాళ్ల మీద నిలబడ్డారు. పైన లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు క్షణాల్లో వాళ్ల మీదికొచ్చాయి.

2023 జులై 26. ములుగు జిల్లా వెంకటాపురం మండలం అడవిలోని ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్, పోలీసులు రాత్రంతా కష్టపడి అందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చారు.

రెండిట్లోనూ ఒకటే పాఠం. మీ నెత్తిమీద ఆకాశం తెల్లగానే ఉండొచ్చు. ఎగువన కురిసిన వాన, ఎగువన ఎత్తిన గేటు మీ కాళ్ల దగ్గరికి వచ్చేదాకా కనబడవు. జనం ఎక్కువున్నప్పుడు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒకడు కంచె దాటితే పదిమంది దాటతారు. అంతమంది ఉన్నారు కదా, ఏం కాదులే అనిపిస్తుంది. నాచు పట్టిన రాయికి మాత్రం ఎంతమంది ఉన్నా ఒకటే. పైగా జారిపడ్డవాడి కోసం వచ్చే అంబులెన్స్ కూడా అదే జామ్‌లో ఇరుక్కోవాలి.

అక్కడ ఉండేవాళ్ల సంగతి?

మనకి అది స్పాట్. వాళ్లకి అది ఊరు. నల్లమలలో చెంచు పెంటలున్నాయి, బొగత చుట్టూ గిరిజన గూడేలున్నాయి. ఆసుపత్రికి, సంతకి వాళ్లకున్నది కూడా ఆ ఒక్క రోడ్డే. ఆదివారం కాన్పు నొప్పులు రావని ఏమీ లేదు కదా!

అలాగని టూరిస్టులు రావద్దని వాళ్లు కోరుకోరు. మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, చేపల ఫ్రై అమ్మేవాళ్లు, చాయ్ బండివాళ్లు లాక్‌డౌన్‌లో ఎంత నలిగిపోయారో తెలిసిందే. వాళ్లకి మనం కావాలి. కాకపోతే ఆదివారం ఊపిరాడనంత మంది, మంగళవారం ఈగలు తోలుకోవడం... ఇదీ బేరం కాదు. పైగా మనలో చాలామంది ఇంటి నుంచే చిప్స్, కూల్ డ్రింక్స్ కట్టుకెళ్లి, ఖాళీ కవర్లు మాత్రం అక్కడ వదిలి వస్తాం. ఊరికి మిగిలేది చెత్త. రోడ్డు పక్కన కోతులకి వేసే అరటిపండు కూడా ప్రేమ కాదు. దానికి అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడేది ఆ కోతులే.

మిగతావాళ్లు ఏం చేశారు?

ఊటీ, కొడైకెనాల్‌కి మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. వెనిస్ అదే ఏడాది ఏప్రిల్‌లో, రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకి 5 యూరోల టికెట్ మొదలుపెట్టింది. థాయ్‌లాండ్ అయితే మాయా బే బీచ్‌ని 2018 జూన్‌లో మూసేసి, పగడపు దిబ్బలు కోలుకోవడానికి టైమిచ్చి, 2022 జనవరిలో తెరిచింది.

మనకి ఏది సరిపోతుంది? టికెట్ రేటు పెంచితే రద్దీ తగ్గుతుంది, నిజమే. తగ్గేది మాత్రం బైకు మీద వచ్చే సైదాబాద్ కుర్రాడు. పెద్ద కారులో వచ్చేవాడికి రెండొందలు ఎక్కువైనా లెక్కలేదు. ఏడాదికి ఒక్కసారి పిల్లల్ని తీసుకొచ్చే ఆటో డ్రైవర్‌కి లెక్కే. కృష్ణానది అందం డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. అందుకే రేటు కంటే టైం స్లాట్ మేలు. ఈ పూట ఇన్ని బండ్లు, ఆ పూట ఇన్ని బండ్లు అని ఫోన్‌లోనే బుక్ చేసుకునే పద్ధతి. సినిమా టికెట్‌కి సీటు చూసుకునే మనకి పార్కింగ్ స్లాట్ చూసుకోవడం కష్టమా? దాంతోపాటు గేట్లు ఎత్తిన వారాల్లో సిటీ నుంచి ఎక్కువ బస్సులు, ఘాట్‌కి ముందే బండ్లు ఆపి అక్కడి నుంచి షటిల్. ఇవేం రాకెట్ సైన్స్ కాదు.

ఈ వారం మీరేం చేయొచ్చు?

గేట్లు ఎత్తారన్న వార్త చూడగానే పరిగెత్తక్కర్లేదు. వరద బాగా ఉంటే అవి చాలా రోజులు తెరిచే ఉంటాయి. ఒక్క రోజు లీవ్ దొరికితే మంగళ, బుధవారాలు చూసుకోండి. పాతబస్తీలో శుక్రవారం సెలవుండే దుకాణాల్లో పనిచేసేవాళ్లకి ఈ విషయంలో లక్కే. అదే సాగర్, అదే నీళ్లు, జనం మాత్రం సగం ఉండరు.

వెళ్లినప్పుడు భోజనం అక్కడే తినండి, చెత్త వెనక్కి తెండి. వంతెన మీద బండి ఆపకండి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకండి. వాన పడుతుంటే వాగు దాటాల్సిన దారిలోకి అసలు వెళ్లకండి. కొత్త చోటు దొరికితే వీడియో పెట్టండి, సరే. లొకేషన్ ట్యాగ్ పెట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆలోచించండి. అక్కడ పార్కింగ్ ఉందా, కంచె ఉందా, ఈత వచ్చిన గార్డు ఉన్నాడా? లేకపోతే మీ ట్యాగ్ ఎవరినో ప్రమాదంలోకి పంపుతున్నట్టే. ఇలాంటి ఆర్టికల్స్ చివర్లో ఉండే 'ఎవరికీ తెలియని 10 ప్లేసులు' లిస్టు ఇక్కడ లేకపోవడానికి కారణం కూడా అదే.

మరీ ఆదివారమే కుదిరితే? వనస్థలిపురంలో 3,600 ఎకరాల మహావీర్ హరిణ వనస్థలి ఉంది. సైదాబాద్ నుంచి బండి మీద అరగంట. గుర్రంగూడ దగ్గర సంజీవని వనం సాగర్ రోడ్డు మీదే ఉంది. ఇన్నాళ్లూ దాని ముందు నుంచే సాగర్‌కి పోయి ఉంటారు. ఈసారి అక్కడే దిగి చూడండి. కృష్ణమ్మ ఎక్కడికీ పోదు, వచ్చే మంగళవారం కూడా అక్కడే ఉంటుంది.