కేక్ పాప్ మీద నల్ల టోపీ

ఈ మే నెలలో మా అక్క బీటెక్ అయిపోయింది. మా ఇంట్లో అదే మొదటి డిగ్రీ. కానీ గ్రాడ్యుయేషన్ డేకి వెళ్లనని కూర్చుంది. "జాబ్ రాలేదు, ఆ గౌను వేసుకుని ఏం ఫోటో దిగుతానే?" అంది. నాన్న ఏమీ అనలేదు. ఆ రోజు పనికి రానని మాత్రం ముందే చెప్పేసి వచ్చాడు.

నాకేం చెయ్యాలో తెలీక, టోపీలు పెట్టిన కేక్ పాప్స్ చేద్దామని డిసైడ్ అయ్యా. రెండుసార్లు పోయాయి, మూడోసారి కుదిరాయి. మీ సీనియర్లకి మీరు చేసేటప్పుడు ఒక్కసారిలోనే కుదరాలని ఇది రాస్తున్నా.

కేక్ పాప్ అంటే పుల్లకి గుచ్చిన కేక్ ఉండ, పైన చాక్లెట్ పూత. అమెరికాలో 'బేకరెల్లా' బ్లాగు రాసే ఆంజీ డడ్లీ 2008లో వీటిని చేసి చూపించాక బాగా పాపులర్ అయ్యాయి. మనకి మరీ కొత్తేమీ కాదు. సున్నుండల్లో పిండిని నెయ్యి పట్టి ఉంచుతుంది, ఇక్కడ కేక్ పొడిని క్రీమ్ పట్టి ఉంచుతుంది. అంతే తేడా.

కావలసినవి: అర కిలో ప్లెయిన్ కేక్ (ఎగ్‌లెస్ అయినా ఓకే), 400 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్, కొంచెం బటర్ క్రీమ్ లేదా కండెన్స్‌డ్ మిల్క్, పేపర్ పుల్లలు, టోపీలకి చదరపు చాక్లెట్ ముక్కలు, జెమ్స్, ఒక థర్మోకోల్ ముక్క. ఇరవై దాకా వస్తాయి.

కేక్‌ని చేత్తో మెత్తగా పొడి చెయ్యండి. గట్టి అంచులు తీసేయండి. క్రీమ్ ఒక్కో స్పూనే వేస్తూ కలపండి. నా మొదటి ఫెయిల్యూర్ ఇక్కడే. మెత్తగా ఉంటే బాగుంటుందని ఎక్కువ వేసేశా. ఉండలు బరువెక్కి పుల్ల మీంచి జారిపోయాయి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. అక్కడ ఆపేయాలి. ఒక్కోటి 25 గ్రాములు, అంటే పెద్ద ఉసిరికాయంత చుట్టి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు చాక్లెట్. అసలు చాక్లెట్‌లో కోకో బటర్ ఉంటుంది. దాన్ని కరిగించి మళ్లీ గట్టిపడేలా చెయ్యాలంటే టెంపరేచర్ జాగ్రత్తగా పెంచి, తగ్గించాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. అది సరిగ్గా చెయ్యకపోతే పైన తెల్లటి మచ్చలొస్తాయి. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఒక్క చుక్క నీళ్లు పడినా చాక్లెట్ గడ్డకట్టి ఇసుకలా అయిపోతుంది. చిక్కగా ఉంటే ఒక స్పూన్ నూనె కలపండి. పాలూ నీళ్లూ వద్దు.

పుల్ల కొసని చాక్లెట్‌లో ముంచి, ఉండలోకి సగం దాకా గుచ్చి, ఐదు నిమిషాలు ఆగండి. ఆ చాక్లెటే జిగురు. తర్వాత మొత్తం ఉండని ఒకేసారి ముంచి తీసి, గిన్నె అంచు మీద మెల్లగా తడితే ఎక్కువైంది కారిపోతుంది.

నా రెండో ఫెయిల్యూర్ పగుళ్లు. త్వరగా అవ్వాలని ఉండల్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టా. పైన పూత గట్టిపడ్డాక లోపలి ఉండ వేడెక్కి కాస్త ఉబ్బింది, పూత టప్పున పగిలింది. అందుకే ఫ్రిజ్ చాలు. బయటికి తీశాక కూడా ఓ ఐదు నిమిషాలు ఆగి ముంచండి.

టోపీకి: పూత ఆరాక ఉండ నెత్తిన ఒక చుక్క చాక్లెట్ పెట్టి చదరపు ముక్క అంటించండి. దాని మధ్యలో ఒక జెమ్. కుచ్చు కోసం వైట్ కాంపౌండ్‌ని కవర్‌లో పోసి, మూల కత్తిరించి, జెమ్ నుంచి అంచు దాకా సన్నగా గీయండి. థర్మోకోల్‌కి గుచ్చి నిలబెట్టండి. మే ఎండలో బయట పెట్టారో, టోపీలు జారి ముక్కు మీదకొస్తాయి. సర్వ్ చేసే ముందే ఫ్రిజ్‌లోంచి తీయండి.

ఆ రోజు పొద్దున్న నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆ టోపీని ఇంగ్లిష్‌లో మోర్టార్‌బోర్డ్ అంటారని చెప్పా. తాపీ మేస్త్రీలు మాలు పెట్టుకునే చదరపు పలకలా ఉంటుందని ఆ పేరొచ్చింది. మా నాన్న ఇరవై ఏళ్లుగా తాపీ మేస్త్రి.

"అయితే అది మా పలకేనన్నమాట," అని అక్క వైపు చూశాడు. "పెట్టుకోవడానికి నీకేంటమ్మా సిగ్గు?"

అక్క ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక లేచి చీర ఇస్త్రీ చేసుకుంది.

జాబ్ ఇంకా వెతుకుతూనే ఉంది. ఫోటో మాత్రం హాల్లో గోడ మీదుంది. పక్కన నాన్న, చేతిలో సగం తిన్న కేక్ పాప్.

మీరూ చేసి చూడండి. డౌట్స్ ఉంటే క్లబ్ మీటింగ్‌లో అడగండి. రుచి చూడమంటే ఇంకా ముందే వస్తా!